ఏటి సాగర్ అడగని మాట

టెక్కలిలో బాప్టిస్టు చర్చి సండేస్కూల్లో ప్రేమ్ సాగర్‌కి ఆ పేరు పడింది. అప్పటికి అతనికి ఏడేళ్ళు. నోవహు ఓడ కథ చెబుతూ టీచరమ్మ ఏనుగుల్నీ ఒంటెల్నీ జతలు జతలుగా ఎక్కించి, తలుపు మూసి, నలభై రోజుల వాన కురిపించి ఊపిరి పీల్చుకుంటుంటే సాగర్ లేచి నిలబడ్డాడు.

"మరి సేపల్ని ఏటి సేసినారు?"

చేపలకి వానంటే భయమేమిటి, నీళ్ళలోనే ఉండిపోయాయని ఆవిడ సర్దిచెప్పింది.

"సెరువు సేపలు ఉప్పునీళ్ళలో కలిసిపోతే బతుకుతాయేటి?"

ఆ ఆదివారం పాఠం అక్కడితో ఆగింది. పోతూ పోతూ అతని నెత్తిమీద చెయ్యి వేసి, "ఒరే, నువ్వు ప్రేమ్ సాగర్‌వి కాదురా, ఏటి సాగర్‌వి" అంది. ఏరు పోయి సాగరంలో కలవడం ఎలాగూ ఉన్నదే కనక పేరు బాగా అతికింది. అతనికి నలభై నాలుగేళ్ళు వచ్చినా వదల్లేదు.

అడగడమే బతుకుతెరువు అవుతుందని అప్పుడెవరూ అనుకోలేదు. శ్రీకాకుళంలో ఎంసీఏ చదివి, విశాఖపట్నంలో పదేళ్ళు పనిచేసి, తిరిగొచ్చి కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం మేడమీద ఐదుగురు మనుషులున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాడు. సిస్టమ్స్ అనలిస్టు అని అతని ఉద్యోగం పేరు. ఆ ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మ చుట్టాలకి చెప్పే తీరు వేరు.

"మావోడు కంప్యూటర్లో రాయడు. రాసీవోలు ఏరే ఉన్నారు. ఈడు ఊరిమీద పడి, నువ్వు ఏటి సేత్తావు, ఎలగ సేత్తావు, ఎందుకు సేత్తావు అని అందర్నీ అడిగొచ్చి ఆలకి సెప్తాడు. ఆలు రాత్తారు."

సాగర్ ఆ విద్య మీద లావుపాటి పుస్తకాలు చాలా చదివాడు గానీ, ఇంతకంటే మంచి నిర్వచనం వాటిలో ఎక్కడా కనబడలేదు.

అయితే అడగడం వచ్చినవాడు కూడా ఒక్కోసారి తప్పు మనిషిని అడుగుతాడు. రెండేళ్ళ క్రితం ఒక చేపల సంఘానికి అతను కార్యదర్శినీ గుమాస్తానీ వారం రోజులు కూర్చోబెట్టి అడిగి, చక్కని సిస్టం తయారుచేయించాడు. చేపలు తూచే ఆడవాళ్ళని ఒక్క మాట అడగలేదు. ఆరు నెలల తర్వాత అటు వెళితే, ఆ కంప్యూటర్ మీద పువ్వులు కుట్టిన గుడ్డ కప్పి ఉంది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. "రోజూ దుమ్ము దులుపుతున్నాం సార్" అని గుమాస్తా ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద సాగర్‌కి చాలాకాలం గుచ్చుకుంది. గుడ్డ కప్పిన కంప్యూటర్ మరొకటి తన చేతులమీదుగా రాకూడదని ఆ రోజే అనుకున్నాడు.

ఈ నవంబరులో అలాంటి పరీక్షే వచ్చింది.

పలాస ఊరి చివర ఒక ట్రస్టు వాళ్ళ డయాలసిస్ కేంద్రం ఉంది. పది మిషన్లు. ఉద్దానం పల్లెల నుంచి అరవైమంది కిడ్నీ రోగులు వారానికి మూడుసార్లు వస్తారు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు పడుతుంది కాబట్టి రోజుకి మూడు వంతులు: పొద్దున్న ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు. ఎవరు ఏ రోజు ఏ వంతులో ఏ మిషను మీద ఉండాలో తొమ్మిదేళ్ళుగా ఒకే పొడుగాటి నోటుపుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసేది దానయ్య అనే అటెండరు. అతను నవంబరు ముప్పైన రిటైరవుతున్నాడు. ఆ పుస్తకాన్ని అతను తప్ప ఇంకెవరూ చదవలేరు.

ట్రస్టు కార్యదర్శి నారాయణరావు గారు రిటైరైన హెడ్మాస్టరు. మాట సూటిగా ఉంటుంది.

"నెలాఖరు లోపల మీ సిస్టం నిలబడితే మీదే ఉంటుంది. నిలబడకపోతే సిటీలో వాడే ప్యాకేజీ తెప్పిస్తాను. అందులో పేచీ లేదు. ఎవరి నంబరు వాళ్ళది, ఎవరి టైము వాళ్ళది."

సాగర్ మూడు రోజులు దానయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దానయ్య మొదటి రోజే సిగ్గుపడుతూ చెప్పాడు.

"నా రాత సూసి నవ్వకండి బాబూ. ఎనిమిదో తరగతి రాత అది."

"నవ్వడానికేముంది దానయ్య గారూ, నా రాత చూస్తే మీరే నవ్వుతారు."

పుస్తకంలో పేజీకి మూడు గడులు. గడుల్లో పేర్లు తక్కువ, గుర్తులు ఎక్కువ. ఎక్కడ చూసినా 'ఢి-4', 'చి-3' అని ఉన్నాయి. సాగర్ వాటిని చూడగానే అర్థం చేసుకున్నాడు. ఢి అంటే డయాలసిస్. పాపం ఒత్తు ఎక్కువ పడింది. నాలుగంటే నాలుగు గంటలు. చి అంటే చికిత్స, మూడంటే వారంలో మూడోది. అంతా కుదిరిపోయింది. తప్పు అర్థాలతో వచ్చే చిక్కే అది, అసలు అర్థాల కంటే బాగా కుదురుతాయి. పెద్దమనిషి స్పెల్లింగు ఎత్తిచూపినట్టు ఉంటుందని సాగర్ ఆ రెండు గుర్తుల గురించి మాత్రం అడగలేదు. మూడు రోజుల్లో నూట ఇరవై ప్రశ్నలు అడిగిన మనిషి ఆ ఒక్కటీ మర్యాదకి వదిలేశాడు.

తర్వాత అరవైమంది వివరాలూ ఫారాల్లో నింపించారు. ఫారంలో 'తోడు వచ్చేవారు, వారితో బంధుత్వం, వారి ఫోను నంబరు' అని ఒక వరస ఉంది. వంతు ఎప్పుడో ఆ నంబరుకే మెసేజి వెళ్ళాలని సాగర్ ఆలోచన. ఆ ఫారాలు ఆఫీసుకి చేరాక ప్రసన్నలక్ష్మి నవ్వుతూ కుర్చీ వెనక్కి తోసుకుంది. ప్రోగ్రాములు రాసేది ఆ అమ్మాయే. ఇచ్ఛాపురం పిల్ల. ఇంట్లో సగం ఒడియా, సగం తెలుగు.

"సార్, అరవైమందిలో నలభై ఒక్కమందికి తోడొచ్చేది బావే. తొమ్మిదిమందికి మావ. ఉద్దానంలో భార్యలూ కొడుకులూ లేరా సార్?"

"కుటుంబాలు దగ్గరగా ఉంటాయమ్మా ఇక్కడ. బావలు మంచివాళ్ళు."

"మంచివాళ్ళే గానీ, ఒకే ఫోను నంబరు పదకొండుమంది బావలకి ఉంది. ఫారాలు నింపినవాళ్ళు పక్కదాంట్లోంచి చూసి ఎక్కించేసినట్టున్నారు. ఏం చెయ్యమంటారు?"

సాగర్ ఆ నంబరుని చూశాడు. ఒకే నంబరు పదకొండుసార్లు. పొరపాటు కాకపోతే ఇంకేమిటి.

"మొదటిదాన్ని ఉంచి తక్కినవి తీసెయ్. ఒక నంబరు ఒక్కరికే ఉండాలి."

అతను పుట్టింది టెక్కలిలో. టీ కొట్టువాణ్ణీ, బస్సు కండక్టర్నీ, బండికి పంక్చరు వేసేవాణ్ణీ పొద్దున లేస్తే బావా అనే పిలుస్తాడు. కానీ ఆ మాట కాగితం మీదికెక్కి, పక్కన 'బంధుత్వం' అని అచ్చు కనబడేసరికి నిజంగానే అక్కచెల్లెళ్ళ మొగుళ్ళందరూ వరసకట్టి నిలబడినట్టు తోచింది.

పద్దెనిమిదో తేదీ సోమవారం పొద్దున సిస్టం మొదలైంది. ఎవరికి డయాలసిస్ అయి ఎక్కువ కాలమైందో వాళ్ళకి ముందు వంతు. ఇంతకంటే న్యాయం లేదనుకున్నాడు సాగర్. ఐదున్నరకే వచ్చి కౌంటరు పక్కన నిలబడ్డాడు.

పావు తక్కువ ఆరుకి వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. నలుగురు రోగులు దిగారు. వెనకే ఒక కోడలు పిల్ల చేతిలో క్యారేజీతో దిగింది. నర్సు తెర చూసి చదివింది.

"అప్పలమ్మ, ఆరు గంటలు, మూడో మిషను. కూర్మయ్య గారూ, మీది పదకొండు. మీది సాయంత్రం నాలుగు. మీది... రేపు మంగళవారం."

కూర్మయ్యకి అరవై దాటాయి. కొబ్బరితోట రైతు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"పదకొండు దాకా నన్నేటి సెయ్యమంటావమ్మా? ఆటోకి కాపలా కాయమంటావేటి?"

"ఓలమ్మ, నానొక్కర్తినీ లోనికెల్తే నా కోడలు నా కాడుంటాదా, ఈల్ల కాడుంటాదా?" అంది అప్పలమ్మ.

ఆటోవాడు ఫోను పట్టుకుని వచ్చాడు. "నాకు అప్పలమ్మప్పది ఒక్కటే మెసేజి వచ్చినాది. మిగతావోలు నాకేటీ కారా?"

ఆరున్నరకి ఇంకా మూడు ఆటోలు వచ్చాయి. వరండా నిండిపోయింది. ఎవరూ కేకలు వెయ్యలేదు, అదే సాగర్‌కి ఎక్కువ కష్టంగా ఉంది. కూర్మయ్య అతని పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు.

"బాబూ, మీ కంప్యూటరు మమ్మల్ని పేకముక్కలు కలిపినట్టు కలిపీసినాది. ఇంక పంచండి, సూద్దాం."

అప్పుడు దానయ్య లేచాడు. బల్ల కింద నుంచి నోటుపుస్తకం తీశాడు. చెవి మీద పెన్సిలు తీశాడు. గుమ్మంలో నిలబడి నింపాదిగా పిలిచాడు.

"ఢి నాలుగూ రండి."

వజ్రపుకొత్తూరు ఆటోలో వచ్చిన నలుగురూ ఒక్కసారి లేచారు.

"చి మూడు."

మరో ఆటోలో వచ్చిన ముగ్గురు లేచారు.

సాగర్ వరండా బయటికి చూశాడు. మొదటి ఆటో వెనక ఎర్ర రంగుతో, మామిడికాయంత అక్షరాలతో 'ఢిల్లీరావు' అని రాసి ఉంది. దాని పక్క ఆటో మీద 'చిరంజీవి'. అతనికి నవ్వొచ్చింది. నవ్వే సందర్భం కాదని ఆపుకున్నాడు.

పావుగంటలో పది మిషన్లూ నడుస్తున్నాయి. ఎవరి వంతూ పోలేదు. నారాయణరావు గారు వచ్చి అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇంకా పన్నెండు రోజులున్నాయి సాగర్ గారూ. దానయ్య పుస్తకం పన్నెండు రోజులే ఉంటుంది."

సాగర్‌కి ప్లాస్టిక్ పూలకుండీ కళ్ళముందు కదిలింది.

అతను ఆఫీసుకి వెళ్ళలేదు. పదకొండు గంటలకి డయాలసిస్ పూర్తయి నలుగురూ ఇళ్ళకి వెళుతుంటే ఢిల్లీరావు దగ్గరికెళ్ళి, "నేనూ మీతో వస్తాను" అన్నాడు.

"మీరా? ఎందుకు బాబూ?"

"అడగడానికి."

"అయితే నా పక్కన కూకోండి. ఒక కాలు బయట పెట్టుకోవాలి మరి."

ఆటో హైవే దాటి జీడితోటల మధ్య రోడ్డులోకి తిరిగింది. సాగర్ ఒక కాలు బయటపెట్టి కూర్చుని మొదటి ప్రశ్న వెయ్యబోతుండగానే వెనక నుంచి అప్పలమ్మ పిలిచింది.

"బావా, మెల్లగ. తల తిరుగుతన్నాది."

ఢిల్లీరావు వేగం తగ్గించాడు. కాసేపటికి కూర్మయ్య, "బావా, ఆ కొట్టు కాడ ఆపు" అన్నాడు. తర్వాత అప్పలమ్మ కోడలు కూడా, "బావా, పోనీ" అంది.

సాగర్ వెనక్కి తిరిగాడు. "ఈయన మీ అందరికీ బావ ఎలా అవుతాడు?"

ఆటోలో అందరూ నవ్వారు. తల తిరుగుతున్న అప్పలమ్మ కూడా కళ్ళు మూసుకునే నవ్వింది.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు కూర్మయ్య.

"టెక్కలి."

"టెక్కల్లో బావలు నేరేటి? ఆటో తోలీవోడు బావ కాకపోతే ఏటవుతాడు, బాబాయవుతాడా?"

"ఇద్దరు ముగ్గురు నన్ను మావ అని కూడా అంటారు బాబూ" అన్నాడు ఢిల్లీరావు, హారను కొడుతూ. "ఆలు నా కంటే సిన్నోలు."

నలభై ఒక్కమంది బావలూ తొమ్మిదిమంది మావలూ ఎక్కడి నుంచి వచ్చారో సాగర్‌కి అప్పుడు తెలిసింది. తోడు వచ్చేవారెవరంటే వాళ్ళు నిజమే చెప్పారు. తీసుకొచ్చేదీ తీసుకెళ్ళేదీ ఆటో బావే. ఒకే నంబరు పదకొండుమంది ఇచ్చారంటే అతని ఆటో ఎక్కేవాళ్ళు పదకొండుమందని అర్థం. వాటిలో పదింటిని తప్పులని తనే తుడిపించేశాడు.

ఆ తర్వాత అతను అడుగుతూ పోయాడు, వాళ్ళు చెబుతూ పోయారు. నలుగురు రోగులకీ కలిపి ఒక్క మనిషే తోడు వస్తుంది. సోమవారం అప్పలమ్మ కోడలు, బుధవారం కూర్మయ్య భార్య, శుక్రవారం తక్కిన ఇద్దరిళ్ళ నుంచీ ఎవరో ఒకరు. అందువల్ల ఒక్కో ఇంట్లో వారానికి ఒక్క రోజే పని పాడవుతుంది. డయాలసిస్ అయ్యాక అప్పలమ్మకి తల తిరుగుతుంది కాబట్టి ఆమె గాలి తగిలే అంచున కూర్చుంటుంది, కూర్మయ్య పక్కన చెయ్యి అడ్డం పెడతాడు. కూర్మయ్యకి కాళ్ళు పట్టేస్తాయి కాబట్టి దిగేటప్పుడు ఆ రోజు తోడు వచ్చినవాళ్ళు ఆసరా ఇస్తారు. నలుగురూ ఒకే వంతులో ఉంటేనే ఇదంతా జరుగుతుంది.

"ఇది మాకెవులూ సెప్పలేదు బాబూ. అలగే కుదిరిపోనాది" అంది అప్పలమ్మ. "దానయ్య కూడా అడగలేదు. మూడు నెల్లు మేవెలగ వత్తన్నామో సూసి, అలగే రాసుకున్నాడు."

కూర్మయ్య ఇల్లు తోటలోనే ఉంది. దిగినవాడు సాగర్‌ని వదల్లేదు. కొడుకు చేత బొండం కొట్టించి చేతికిచ్చాడు.

"మీరు తాగరా?"

"డాక్టరు వద్దన్నాడు. రెండొందల సెట్లు నావి. నీళ్ళు తాగకూడనోణ్ణి నానొక్కణ్ణే." అతను అరుగు మీద కూర్చుని ఆసక్తిగా సాగర్ గొంతుకేసి చూస్తున్నాడు. "ఆటో ఎక్కిన కాడ నుంచి నన్ను అడుగుతన్నావు. ఇప్పుడు నాను అడుగుతాను, సెప్పు. ఎలగుంది?"

సాగర్ తాగి ఆలోచించాడు. "మొదట ఉప్పగా తగిలి, తర్వాత తీపి వస్తుంది."

"అది ఉత్తరం వరస సెట్టు" అన్నాడు కూర్మయ్య సంతృప్తిగా. "బాగా సెప్పినావు. రేపు దక్షిణం వరసది తాగి సెప్పాల."

మర్నాడు పొద్దున సాగర్ మళ్ళీ దానయ్య పక్కన స్టూలు వేసుకున్నాడు.

"దానయ్య మావా, ఢి అంటే ఏటి?"

గారు పోయి మావ వచ్చినందుకు దానయ్య ఒకసారి తలెత్తి చూశాడు. "ఢిల్లీరావు. ఏం, మీరేటనుకున్నారు?"

దాచడానికి లేకపోయింది. "డయాలసిస్ అనుకున్నాను. ఒత్తు పొరపాటున పడిందనుకున్నాను."

దానయ్య పెన్సిలు కింద పెట్టేశాడు. మొదట అతని ముఖం కొంచెం చిన్నబోయింది. తర్వాత మీసం కింద నుంచి నవ్వు మొదలై భుజాల దాకా వెళ్ళింది.

"డయాలసిస్‌కి ఒత్తు ఎవడెడతాడు బాబూ? ఎనిమిది దాకా సదివినాను, ఆ మాత్రం తెల్దేటి? ఆ ఢిల్లీరావు మహా పట్టుదల మనిషి. ఒత్తు లేకండా రాత్తే పుస్తకం లాక్కుని దిద్దుతాడు." కాస్త ఆగి, "ఊరందర్నీ అడుగుతారు గదా, నన్నడగడానికేటొచ్చినాది? అడిగితే సెప్పీసేవోణ్ణి" అన్నాడు.

"మీరు నొచ్చుకుంటారని."

"అడక్కపోతే నొచ్చుకున్నాను."

ఆ రోజు సాగర్ ఏ గుర్తునీ వదల్లేదు. పేరు చుట్టూ సున్నా ఉంటే ఆ మనిషి సాయంత్రం వల లాగడానికి ఊళ్ళో ఉండాలి. రెండు పేర్ల మధ్య ఇంటూ ఉంటే ఆ ఇద్దరికీ గట్టు తగాదా ఉంది, పక్కపక్క మిషన్ల మీద పడుకోబెడితే ఇద్దరికీ బీపీ పెరుగుతుంది. చిన్న పువ్వు ఉంటే కిటికీ పక్క మంచం. ఒక పేరు కింద రెండు గీతలు చూసి సాగర్ ఆగాడు.

"ఈవిడ పాటలు పాడతాది. ఆ వంతులో అందరికీ పొద్దు తెల్వకండా ఎల్లిపోద్ది. అందుకని వారానికో వంతుకి మారుస్తా. ఒక్కలకే ఇచ్చీస్తే మిగతావోలు ఊరుకోరు."

సాగర్ అది కూడా రాసుకున్నాడు.

ఆఫీసుకి వెళ్ళి చెబితే ప్రసన్నలక్ష్మి మొదట తల పట్టుకుంది. వంతు మనిషికి కాదు, ఆటోకి ఇవ్వాలి. పదకొండుమందికి ఒకే నంబరు ఉండొచ్చు, ఉండాలి కూడా. అంటే అడుగు నుంచి మళ్ళీ కట్టాలి.

"మొన్ననే ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది సార్."

"మొన్న నాకు తెలియదు."

"ఊరందరికీ తెలిసిన సంగతి, అనలిస్టుకి తెలియలేదు."

"ఊరందరికీ తెలిసిన సంగతి ఎవరూ చెప్పరమ్మా. అందరికీ తెలుసనుకుంటారు."

ఆమె కాసేపు కీబోర్డు మీద టకటకలాడించి మళ్ళీ తిరిగింది. "సరే, ఈ కొత్త పట్టికకి పేరేం పెట్టను? వాహనం అనా?"

"కాదు. ఆటో బాగులేకపోతే ఇంకో బండిలో వస్తారు. అప్పుడు కూడా వాళ్ళు నలుగురూ నలుగురే."

"అయితే బృందం."

"బృందానికి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు?"

"మరేంటి సార్?"

సాగర్ నవ్వాడు. "బావ అని పెట్టు."

"మా ఇంట్లో అయితే బావని ఒడియాలో భిణోయి అంటారు. అది పెట్టనా?" అంటూనే ఆమె 'బావ' అని కొట్టింది. దానయ్య గుర్తుల కోసం ప్రతి పేరు పక్కనా నాలుగు మాటలు రాసుకునే ఖాళీ గడి ఒకటి పెట్టింది. దానికి 'దానయ్య మాట' అని తనే పేరు పెట్టింది. సాగర్ చెప్పలేదు.

ఇరవై ఐదో తేదీ సోమవారం రెండోసారి మొదలుపెట్టారు. దానయ్య పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తెర మీది వరసనీ తన గడుల్నీ పక్కపక్కన చూసుకున్నాడు. రెండు చోట్ల తేడా వచ్చింది. ఒకటి సిస్టం తప్పు. రెండోది దానయ్య తప్పు. అది తెలిసి నర్సులందరూ టీ తెప్పించుకున్నారు.

అసలు పరీక్ష బుధవారం వచ్చింది. నారాయణరావు గారు కౌంటరు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్న రోజే ఢిల్లీరావు ఆటో దారిలో ఆగిపోయింది. ఐదు ఇరవైకి ఫోను వచ్చింది.

"బెల్టు తెగిపోనాది. గంట పడతాది."

అందరూ దానయ్య వైపు చూశారు. దానయ్య పుస్తకం మూసి, సాగర్ వైపు చూశాడు. నర్సు తెర మీద ఢిల్లీరావు పేరు ఎదురుగా 'ఆలస్యం' అని నొక్కింది. నలుగురి పేర్లూ కలిసికట్టుగా కిందికి జరిగాయి. పదకొండు గంటల వంతువాళ్ళే అయినా తెల్లారేసరికే వచ్చేసి అవతల ఇడ్లీ బండి దగ్గర కూర్చునే ఊరివాళ్ళు ముగ్గురూ, తెల్లవారు రైలుకి వచ్చే ఒకాయనా పైకి వచ్చారు. చిరంజీవి ఫోనుకి, తన ముగ్గుర్నీ దింపి వెనక్కి వెళ్ళి ఢిల్లీరావు మనుషుల్ని ఎక్కించుకురమ్మని మెసేజి వెళ్ళింది. అంతా రెండు నిమిషాలు పట్టింది. గంట తర్వాత చిరంజీవి ఆటోలోంచి నలుగురూ, కోడలికి బదులు ఆ రోజు వంతు తోడుగా కూర్మయ్య భార్యా దిగారు. వంతు పదకొండుకని ఢిల్లీరావు ఫోన్లో చూసుకున్నారు కాబట్టి ఎవరికీ తొందర లేదు. టిఫిను తిని, పదకొండుకి నలుగురూ ఒకే వరసలో పడుకున్నారు.

నారాయణరావు గారు కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు.

"అన్నీ అర్థమయ్యాయి. ఈ గడి పైన 'బావ' అని ఉందేమిటయ్యా?"

సాగర్ నోరు తెరిచేలోపు మూడో మిషను మీద నుంచి అప్పలమ్మ చెప్పింది.

"మమ్మల్ని తెచ్చీవోడు బాబూ."

"అది సరేనమ్మా. ట్రస్టు రిపోర్టులో దీన్ని ఇంగ్లీషులో ఏమని రాయాలి?"

ఈసారి అప్పలమ్మ సాగర్ వైపు చూసింది, సాగర్ దానయ్య వైపు చూశాడు. హెడ్మాస్టరు గారు కూడా కాసేపు ఆలోచించి, ఇక లాభం లేదని జేబులోంచి కలం తీసి తన కాగితం మీద తెలుగులోనే 'బావ' అని రాసుకున్నారు. సిటీ ప్యాకేజీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ముప్పయ్యో తేదీన దానయ్యకి శాలువా కప్పారు. పుస్తకంలో పేరు కింద రెండు గీతలున్న ఆవిడ పాట పాడింది. కూర్మయ్య కొబ్బరి బొండాల బస్తా పంపించాడు, ఎవరు తాగినా ఎలగుందో వచ్చి చెప్పాలని షరతు పెట్టి. దానయ్య నోటుపుస్తకాన్ని సాగర్‌కి ఇచ్చాడు.

"ఇంక మీకవసరం నేదు గానీ, ఉంచండి. అడగడానికి నాను నేకపోతే ఇదుంటాది."

"మీరుంటారు. నేను ఫోను చేస్తూనే ఉంటాను."

"సెయ్యండి. మీ కంటే ముందు నర్సమ్మలే సేత్తారు."

డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున్న సాగర్ టెక్కలి నుంచి బండి మీద ఆఫీసుకి వస్తుంటే ఫోను మోగింది. బండి పక్కకి తీసి ఎత్తాడు. ఢిల్లీరావు. కోపంగా ఉన్నాడు.

"ఏటి బాబూ ఇది? రోజూ వత్తన్న మెసేజిల్లో నా పేరు డిల్లీరావని వత్తన్నాది. ఒత్తేదీ? దానయ్య తొమ్మిదేళ్ళు రాసినాడు, ఒక్కనాడు తప్పలేదు. మీ కంప్యూటరుకి ఎనిమిదో తరగతి కూడా నేదేటి?"

"కొత్త నర్సు ఫోన్లో కొట్టినప్పుడు పోయుంటుంది బావా. ఇవాళే చూస్తాను."

"రేపు ఉదయం మెసేజికి ఒత్తుండాల. నేకపోతే నానే వచ్చి దిద్దుతాను."

"రావద్దు, నేనే దిద్దిస్తాను."

ఫోను పెట్టేసి సాగర్ బండి స్టార్టు చేశాడు. గుడ్డ కప్పిన కంప్యూటర్ని ఎవరూ తిట్టరు. తిట్టు తిన్నదంటే అది పొద్దున్నే లేచి పనిచేస్తున్నట్టు. ఆఫీసు మెట్లెక్కుతూనే ప్రసన్నలక్ష్మికి చెప్పాడు.

"అమ్మా, అర్జెంటు పని. ఒక ఒత్తు పెట్టాలి."

ఆమె ఎక్కడ, ఎందుకు అని అడగలేదు. అప్పటికే తెర మీద ఢిల్లీరావు పేరు తెరిచి ఉంది.

"మీకంటే ముందు నాకు ఫోను చేశాడు సార్" అంది. "పెట్టేశాను."